కాపీ కాని ఫైలు

ఎస్తేరు చీరాల నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెకు పని నేర్పినవాడు స్వామి. అతనిది జనగామ దగ్గర ఒక పల్లె. డిప్లొమా అయ్యాక బాలానగర్‌లో లేత్ మిషన్ మీద కొన్నాళ్ళు పనిచేసి, ఆ ఇనుప రజను పడక కంప్యూటర్ల రిపేరు నేర్చుకున్నాడు. వాళ్ళ కంపెనీ సైబర్ టవర్స్ వెనక సందుల్లో, ఒక ఫర్నిచర్ షాపు పై అంతస్తులో ఉండేది. పెద్ద ఆఫీసులకు కంప్యూటర్లు సరఫరా చేసి, వాటిలో కావలసినవన్నీ ఎక్కించి అప్పగించడం వాళ్ళ పని.

మొదటి రోజు ఎస్తేరు "స్వామి గారూ" అని పిలిస్తే అతను నవ్వాడు.

"గారు గీరు ఎందుకు చెల్లె? అన్నా అను, సరిపోతది."

అప్పటినుంచి అన్నా అనే పిలిచింది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు మార్చుకునేవారు. అతని భార్య సరిత చేసిన జొన్నరొట్టె ఈమెకు, ఈమె హాస్టల్ గదిలో వండుకున్న చేపల పులుసు అతనికి. పులుసు తిన్న రోజు అతను మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి, "మీ కారం పాడుగాను" అని కళ్ళు తుడుచుకునేవాడు.

రెండువేల పదకొండులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్ళు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. ఆఫీసుల ముందు జనరేటర్లు రోజంతా హోరెత్తేవి. స్వామి తన బండి నంబరు ప్లేటు మీద ఏపీ అక్షరాలు గీకేసి టీజీ అని అంటించుకున్నాడు. ఎస్తేరు హాస్టల్ ఎదుటి గోడ మీద ఎవరో 'ఆంధ్రోళ్ళు భాగో' అని ఎర్ర రంగుతో రాశారు. ఆమె రోజూ తల వంచుకుని ఆ గోడ దాటి ఆఫీసుకు వచ్చేది. డబ్బాలు మార్చుకోవడం ఇద్దరూ మానలేదు. తినేటప్పుడు మాటలే తగ్గాయి.

ఒకసారి ఉండబట్టలేక ఆమె అడిగింది. "రాష్ట్రం వస్తే మమ్మల్ని నిజంగా పొమ్మంటారా అన్నా?"

స్వామి రొట్టె తుంచుతూ ఆగాడు. "నిన్ను ఎవడు పొమ్మంటడు? మా కొలువులు మాకు గావాలంటున్నం, గంతే. గోడ మీద ఎవడో రాసిండని నువ్వు పరేషాన్ గాకు."

ఆ మాట ఆమెకు కొంత ధైర్యమిచ్చింది. సాయంత్రం మళ్ళీ ఆ గోడ దాటేసరికి అది కాస్తా పోయింది.

ఆ రోజుల్లోనే ఒక కాల్ సెంటర్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక అంతస్తు మొత్తానికి కొత్త కంప్యూటర్లు. చిక్కేమిటంటే వాళ్ళ సాఫ్ట్‌వేర్ పాతది, విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు. కంప్యూటర్లేమో సరికొత్తవి. వాటి హార్డ్ డిస్కును పలకరించే పద్ధతి ఆ పాత విండోస్‌కు తెలియదు. విండోస్ డిస్కు పెట్టి మొదలుపెడితే కాసేపు బాగానే నడిచి, హార్డ్ డిస్కే కనపడటం లేదని నీలం తెర వేసి ఆగిపోయేది.

అందుకని ఆ పద్ధతి నేర్పే డ్రైవర్ ఫైళ్ళను ఒక టూల్‌తో విండోస్ డిస్కులోనే కలిపి, తమ సొంత డిస్కు తయారుచేసుకోవాలి. స్వామి, ఎస్తేరు ఆ పనిలో పడ్డారు. మొదటి డిస్కుకు అదే నీలం తెర. కంప్యూటరుతో వచ్చిన సీడీలో ఒకే పేరున్న డ్రైవర్లు రెండు రకాల విండోస్‌కు ఉన్నాయని, తాము ఎక్స్‌పీది కాకుండా రెండోది కలిపామని రెండో పూటకు గాని తెలియలేదు. అది సరిచేస్తే ఇంకో డ్రైవరు కావాలని మొండికేసింది. తప్పు జరిగిన ప్రతిసారీ స్వామి ఫోల్డర్ మొత్తం చెరిపేసి, అసలు డిస్కు నుంచి మళ్ళీ కాపీ చేసి మొదటికి వచ్చేవాడు.

"ఉన్నదాని మీదే ఇంకోసారి టూల్ నడిపిస్తే సరిపోదా అన్నా? ఇంతసేపు ఎందుకు?" అంది ఎస్తేరు.

"ఎంగిలి విస్తట్ల మళ్ళ వడ్డిస్తరా చెల్లె? గిదీ గంతే. ఒకపారి డ్రైవర్ గలిపినంక దాని మీద మళ్ళ గలిపినవనుకో, ఏది పాతదో ఏది కొత్తదో దానికే సమజ్ గాదు."

శనివారం నాటికి పని ఒక కొలిక్కి వచ్చింది. ఆటోలు కూడా తిరగవని పుకారు పుడితే ఎస్తేరు పెందలాడే హాస్టల్‌కు వెళ్ళిపోయింది. తర్వాత స్వామి ఫోన్ చేశాడు. "అయిపోయింది చెల్లె. మొదటి నుంచి చివరిదాంక నడిచింది. ఫోల్డర్ సర్వర్ల పెట్టిన. రేపు రైల్ రోకో ఉన్నది, నేను రాను. సార్‌కు చెప్పిన. నువ్వు డిస్కులు కొట్టియ్యి, చాలు."

సార్ అంటే మేనేజర్ యజ్ఞనారాయణ. తెనాలి వైపు మనిషి. కోపిష్ఠి కాడు. పండగలకు అందరికీ స్వీట్లు పంచేవాడు. కానీ ఆ నెలలోనే ఆయన కూతురు వెళ్ళే స్కూలు బస్సు అద్దం రాయి తగిలి పగిలింది. పిల్లకు దెబ్బ తగల్లేదు గాని ఆయన మాత్రం ఆ రోజు నుంచి మారిపోయాడు. ఆఫీసులో ఎవరు ఏ జిల్లావాళ్ళో మనసులో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. స్వామి రైల్ రోకోకు సెలవడిగితే ఇచ్చాడు, కానీ మొహం చూడకుండా ఇచ్చాడు.

ఆదివారం ఉదయం ఎస్తేరు సర్వర్‌లోని ఫోల్డర్ నుంచి డిస్కులు రాసింది. స్వామి పరీక్షించాడు కదా అని మళ్ళీ పరీక్షించలేదు. కాల్ సెంటర్‌లో పాత కంప్యూటర్లను అంతకు ముందే లారీకెత్తి పంపేశారు. కొత్తవి బల్లల మీద వరసగా పెట్టి, డిస్కులు వేసి ఆన్ చేశారు. హార్డ్ డిస్కు కనపడింది. హమ్మయ్య అనుకుంది. ఫైళ్ళు కాపీ కావడం మొదలై, సగానికి రాకముందే మొదటి తెర ఆగింది. డ్రైవరు ఫైలు కాపీ కావడం లేదని, ఏదైనా మీట నొక్కమని అడిగింది. నొక్కితే కంప్యూటరు ఆరి మళ్ళీ మొదటికొచ్చింది. పక్కది అక్కడే ఆగింది. దాని పక్కదీ అంతే.

స్వామికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. పట్టాల మీద కూర్చున్నవాళ్ళను పోలీసులు లాక్కుపోతున్నారని, ఫోన్లు ఆపేసుకున్నారని తర్వాత తెలిసింది. ఖాళీ సీడీలు నాసిరకమేమో అనుకుంది. వేరేవి కొందామంటే బందుకు షాపులన్నీ మూత. రాసే వేగం తగ్గించి చూసింది. ర్యాము మార్చి చూసింది. వేరే డ్రైవ్‌తో రాసింది. ఏం చేసినా అదే ఫైలు, అదే చోట. మధ్యాహ్నం దాటింది. యజ్ఞనారాయణ ఆమె వెనకే తిరుగుతూ, "వీడేదో చేసి పోయాడమ్మా. సమ్మె అంటే ఇదే" అన్నాడు. ఒకసారి కాదు, పదేపదే అన్నాడు.

సోమవారం పొద్దునకూ స్వామి ఫోన్ కలవలేదు. కాల్ సెంటర్ ఉద్యోగులంతా వచ్చి, చచ్చిన తెరల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ సెంటర్ సిస్టమ్స్ అధికారి జయలక్ష్మి గొంతు పెంచలేదు. కానీ ఆమె మాటకు యజ్ఞనారాయణ చెమటలు తుడుచుకున్నాడు.

"నాకు కారణం కావాలి. ఈ రోజే."

యజ్ఞనారాయణ ఎస్తేరు వైపు తిరిగాడు. "చివరిసారి ఆ ఫోల్డర్ మీద పని చేసిందెవరమ్మా?"

"స్వామి అండి."

"బాగా నడిచిందని అతను చెప్పడమే గాని, నువ్వు కళ్ళారా చూశావా?"

"చూళ్ళేదండి."

రెండూ నిజాలే. కానీ ఆ మాటలు అనేటప్పుడు ఆమె మనసులో ఒక ప్రశ్న లేచింది. నిజంగా అన్నే చేసి ఉంటే? గోడ మీది ఎర్ర అక్షరాలు, బండి మీది టీజీ, శనివారం ఫోన్లో అతని గొంతులోని హుషారు, అన్నీ ఒక్క క్షణం ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఆ క్షణంలో ఆమె నోరు మూసుకుంది. అతనలాంటివాడు కాదండి అన్న ఒక్క మాట బయటికి రాలేదు.

కావాలని కంపెనీకి నష్టం చేశాడని యజ్ఞనారాయణ ఆ సాయంత్రమే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. ఎస్తేరు చెప్పిన రెండు మాటలూ అందులో రాయించాడు. ఉద్యమంలో తిరిగేవాడన్నాక వాళ్ళకు అంతకంటే ఏం కావాలి? స్వామిని ఇంటి దగ్గరే ఎత్తుకుపోయారు.

మర్నాడు ఆఫీసు మెట్ల కింద ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నీలం యూనిఫాం, చేతిలో టోపీ. పైకి పోనివ్వలేదట. ఎస్తేరును చూసి దగ్గరకొచ్చాడు.

"నువ్వేనా బిడ్డా, మా స్వామి చెల్లె చెల్లె అంటుంటడు? నేను వాని నాయిన కొమురయ్యను. గోపన్‌పల్లిల అపార్టుమెంటు కాడ వాచ్‌మెన్‌ను. నా కొడుకు కంప్యూటర్లు పాడు జేసిండంటున్నరు. నిజమేనా?"

ఎస్తేరు మెట్ల వైపు చూసింది. "తెలీదు బాబాయ్."

"ఠాణా కాడికి వోతే లోపటికి రానియ్యలే. వాని గొంతు మాత్రం బయటికి ఇనొచ్చింది." ఆయన టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. "నీకెర్కైతే చెప్పు బిడ్డా. పాడు జేస్తే జేసిండని చెప్పు. నేను వాళ్ళ కాళ్ళు వట్టుకుంట."

ఆమె పైకి వెళ్ళి తలుపేసుకుంది. తెలీదు అన్న తన మాట తనకే అసహ్యంగా వినిపించింది. తెలుసుకోవాలంటే దారి ఒకటే. అసలు విండోస్ డిస్కు తీసి, కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, స్వామి చేసినవన్నీ అదే వరసలో చేసుకుంటూ పోయింది. డిస్కు రాసి పరీక్ష కంప్యూటర్లో పెట్టింది. ఫైళ్ళన్నీ కాపీ అయ్యాయి. కంప్యూటరు తనంతట తాను ఆరి, మళ్ళీ లేచి, చివరిదాకా నడిచింది. కుర్చీలో వెనక్కి వాలి ఆ తెరనే చూస్తూ ఉండిపోయింది. అన్న చేసిన పద్ధతిలో తప్పు లేదు.

మరి ఆ ఆదివారం డిస్కులో ఏముంది? దాన్ని తెరిచి రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది. కాల్ సెంటర్ బొమ్మ ఉన్న వాల్‌పేపర్ కనపడింది. స్వామి అది కలపలేదు. ఆ బొమ్మ ఇంకా రాలేదని, తర్వాత చేత్తో మార్చుకుందామని శనివారం ఇద్దరూ అనుకున్నారు. అంటే స్వామి అయిపోయిందన్నాక ఇంకెవరో ఆ ఫోల్డర్ తెరిచారు.

ఎస్తేరు తాను చేసిన మంచి ఫోల్డర్ మీదే టూల్‌ను రెండోసారి నడిపింది. పాత సెట్టింగులు అలాగే ఉంచి, వాల్‌పేపర్ ఒక్కటి కలిపింది. డిస్కు రాసి పెట్టింది. డ్రైవరు ఫైలు కాపీ కావడం లేదని తెర ఆగింది. అదే ఫైలు. అదే చోట. టూల్ డ్రైవర్లను రెండోసారి కలిపేసరికి, విండోస్ చదివే జాబితాలో ఒక పేరు, డిస్కులో ఉన్న ఫైలుకు ఇంకో పేరు అయ్యాయి. లేని ఫైలు కోసం వెతుక్కుని అది ఆగిపోతోంది. ఎంగిలి విస్తరి.

వాల్‌పేపర్ బొమ్మ కాల్ సెంటర్ వాళ్ళు పంపింది ఒక్కరికే. యజ్ఞనారాయణకు.

ఆమె ఆయన గదిలోకి వెళ్ళి రెండు డిస్కులూ బల్ల మీద పెట్టి చెప్పింది. ఆయన మొదట విసుక్కున్నాడు.

"శనివారం సాయంత్రం స్వామి వెళ్ళాక బొమ్మ వచ్చింది, టూల్‌తో పెట్టాను. వాల్‌పేపర్ ఒక్కటే మార్చానమ్మా. డ్రైవర్ల జోలికే పోలేదు."

"మీరు పోకపోయినా టూల్ పోయిందండి. పాత సెట్టింగులతో మొత్తం మళ్ళీ నడిచింది. కావాలంటే ఇప్పుడే మీ ముందు చేసి చూపిస్తాను."

"వద్దు." ఆయన చాలాసేపు డిస్కులనే చూశాడు. ఆయన మొహంలో రంగు మారడం ఎస్తేరు చూసింది. నిజంగానే ఆయనకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన తర్వాత లేచి తలుపు మూశాడు.

"ఇప్పుడు నేనే చేశానని చెప్తే ఆర్డరు పోతుంది, నా ఉద్యోగం పోతుంది. నువ్వు మనవైపు అమ్మాయివి ఎస్తేరూ. రేపు వీళ్ళు తరిమితే మనకు మనమే గదా దిక్కు? వాణ్ణి రెండు రోజుల్లో వాళ్ళే వదిలేస్తారు. ఊరుకో."

"లోపల కొడుతున్నారండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

ఎస్తేరు డిస్కులు తీసుకుని నేరుగా కాల్ సెంటర్‌కు నడిచింది. జయలక్ష్మి ముందు ఒక కంప్యూటర్ మీద మంచి డిస్కు, దాని పక్కదాని మీద చెడ్డ డిస్కు వేసి చూపించింది. ఎవరు ఏం చేశారో దాచకుండా చెప్పింది. ముందు రోజు తాను చెప్పిన రెండు మాటలు ఎంత తక్కువో కూడా చెప్పింది. జయలక్ష్మి అంతా విని, "ముందు నా ఫ్లోర్ లేపండి" అంది. తర్వాత ఫోన్ తీసి యజ్ఞనారాయణతో, ఫిర్యాదు వెనక్కి తీసుకోకపోతే ఆర్డరు రద్దు చేస్తానంది. ఆమెకు స్వామి మీద జాలి ఉందో లేదో ఎస్తేరుకు అర్థం కాలేదు. తన సెంటర్ పేరు పోలీసు కేసులో ఉండటం ఆమెకు ఇష్టం లేదు. ఏదైతేనేం, పనయింది.

యజ్ఞనారాయణ వెళ్ళి, పొరపాటు పడ్డామని రాసిచ్చి వచ్చాడు. పోలీసులు మాత్రం రైల్ రోకో కేసు ఉందంటూ ఇంకొన్నాళ్ళు ఉంచుకుని, అప్పుడు వదిలారు.

ఎస్తేరు గోపన్‌పల్లి వెళ్ళింది. అపార్టుమెంటు కింద, మోటారు పక్కన కొమురయ్యకు ఇచ్చిన ఒంటిగది. గుమ్మంలో సరిత నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. కాసేపటికి పక్కకు జరిగింది.

స్వామి చాప మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఎడమ చెవిలో దూది. మొహం ఒక పక్క వాచి ఉంది. దవాఖానలో చూపిస్తే కర్ణభేరి చిరిగిందన్నారట. కొంత వినికిడి రావచ్చు, మొత్తం రాదన్నారట. ఆమె మాట్లాడబోతే తల తిప్పి కుడి చెవి ఇటు పెట్టాడు.

"ఏం తప్పైంది డిస్క్‌ల?"

ఆమె ఇంకేదో అడుగుతాడనుకుంది. సమాధానం తడుముకుని, వాల్‌పేపర్ గురించి, రెండోసారి నడిచిన టూల్ గురించి, పేరు తప్పిన ఫైలు గురించి చెప్పింది. అతను కళ్ళు మూసుకుని ప్రతి మాటా విన్నాడు.

"అంటే నా ఫోల్డర్ మంచిగనే ఉన్నది."

"బాగానే ఉంది అన్నా. నేను మొదటి నుంచి చేసి చూశాను."

అతను కళ్ళు తెరిచాడు. "కొట్టంగ కొట్టంగ నేనే ఏమన్న తప్పు జేసిన్నేమో అనిపిచ్చింది చెల్లె. ఆ డ్రైవర్ గలిపిన్నా, ఈ డ్రైవర్ గలిపిన్నా అని ఆన్నే కూసోని యాజ్జేసుకున్న. ఆఖరికి అవు, నేనే జేసిన అని చెప్పిన."

సరిత గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"వాళ్ళు కాయితం సదివిన్రు," అన్నాడు స్వామి. "నీ పేరున్నది అండ్ల. అబద్ధం ఏం చెప్పలే నువ్వు. చూడలేదు గాబట్టి చూడలేదన్నవ్. ఒక్కటడుగుత. నీకూ అనుమానమొచ్చిందా, నేనే జేసిన్నని?"

లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ గదిలో ఆ మాట కోసం ముగ్గురూ ఎదురుచూస్తున్నారని ఆమెకు తెలుసు. కానీ ఆ వాచిన మొహం చూస్తూ అబద్ధం రాలేదు.

"వచ్చింది అన్నా. ఒక్క క్షణం."

స్వామి మెల్లగా తల ఊపాడు. కుడి చెవిని ఆమె వైపు నుంచి తిప్పేసుకున్నాడు. ఇంక ఆమె ఏం చెప్పినా అతనికి సరిగా వినపడదు. ఆమె కాసేపు కూర్చుని, లేచి వచ్చేసింది. గేటు దాకా కొమురయ్య తోడొచ్చాడు.

సమ్మె ముగిసింది, బస్సులు తిరిగాయి. కాల్ సెంటర్ అంతస్తు ఎస్తేరు రాసిన డిస్కులతోనే లేచింది. యజ్ఞనారాయణ స్వామిని మళ్ళీ పనిలోకి రమ్మని ఆమె ద్వారానే కబురంపాడు. అతను రాలేదు. ఆమె కూడా ఎక్కువ కాలం ఉండలేదు. సంక్షోభం చల్లారాక ఆయన మునుపటిలాగే స్వీట్లు పంచుతుంటే, ఆ డబ్బాలో చెయ్యి పెట్టలేక ఇంకో కంపెనీకి మారిపోయింది.

రాష్ట్రం వచ్చిన ఏడాది, గచ్చిబౌలిలో ఒక ఆఫీసు గేటు దగ్గర కొమురయ్య కనపడ్డాడు. అక్కడ డ్యూటీ వేశారట. బాగా ముసలివాడైపోయాడు. ఆమెను గుర్తుపట్టి, బాగున్నవా బిడ్డా అని అడిగాడు. ఆమె స్వామి గురించి అడిగింది.

"బాలానగర్‌ల పాత లేత్ కాడికే వోయిండు బిడ్డా. కంప్యూటర్ పని ఇగ ముట్టనన్నడు." ఆయన కారు వస్తే గేటు ఎత్తి, దించి, మళ్ళీ ఆమె దగ్గరకొచ్చాడు. "ఒక చెవే గద. మిషిని మోత సగమే ఇనవడ్తదంట. గదే మంచిగున్నదంటడు."